బరంపురం నుండి రాష్ట్రపతి భవనానికి: భారతరత్న శ్రీ వరాహగిరి వెంకటగిరి

ఒక విద్యాలయం డెబ్బది అయిదు వసంతాలు పూర్తి చేసుకొన్న శుభవేళ, చదువుకొని ఎదిగినవారిని స్మరించుకోవడం తగిన సంప్రదాయం. పరీక్షలలో ఎందరు ఉత్తీర్ణులయ్యారన్న లెక్క రికార్డులలో ఉంటుంది. చదివిన చదువు జీవితంలో ఎలా నిలిచిందన్న లెక్క మాత్రం మనుషుల చరిత్రలలోనే లభిస్తుంది. గంజాం సీమలో తెలుగు ఇంట పుట్టి, బరంపురంలో అక్షరాలు దిద్ది, దేశంలో అత్యున్నత పీఠాన్ని అధిష్ఠించిన శ్రీ వరాహగిరి వెంకటగిరి గారి జీవితం అటువంటి చరిత్ర. ఆయన ఏ ఒక్క పాఠశాలకో చెందినవారు కారు. బరంపురం, గోపాల్‌పూర్ ప్రాంతాలలో తెలుగులో చదువుకొనే ప్రతి బాలుడు, ప్రతి బాలిక తమవాడని చెప్పుకోదగిన మహనీయులు.

వి.వి.గిరి అనగానే రాష్ట్రపతి పదవి గుర్తుకు వస్తుంది. అయితే ఆయన జీవితాన్ని మొదటి నుండి పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ఆయన అందుకొన్న పదవులు ఎన్నో, మనస్సు అంగీకరించనప్పుడో కర్తవ్యం పిలిచినప్పుడో విడిచిపెట్టిన స్థానాలు దాదాపు అన్ని. విడిచిన ప్రతిసారీ ఆయన గౌరవం పెరిగిందే కాని తరగలేదు.

జననం, బాల్యం

గిరి గారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురంలో జన్మించారు. ఆనాటికి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో అంతర్భాగం. వరాహగిరి వారి పూర్వులది గోదావరి సీమలోని చింతలపల్లి గ్రామం. అక్కడి నుండి తరలివచ్చి బరంపురంలో స్థిరపడిన కుటుంబం వారిది. తండ్రి శ్రీ జోగయ్య పంతులు గారు పేరుపొందిన న్యాయవాది, జాతీయోద్యమంలో పాల్గొన్న కాంగ్రెసు నాయకులు. తల్లి శ్రీమతి సుభద్రమ్మ గారు గృహిణిగా మాత్రమే ఉండిపోలేదు. మద్యపాన నిషేధం కోసం స్త్రీలను ముందుకు నడిపించి, ఉద్యమకాలంలో నిర్బంధానికి గురైన ధీరురాలు. దేశసేవ అనే మాట పుస్తకాలలో చదవడానికి ముందే ఇంటిలో చూసి నేర్చుకొనే అదృష్టం ఆ బాలునికి లభించింది.

బరంపురం ఆనాటి నుండి రెండు భాషల పట్టణం. బజారులో ఒరియా, తెలుగు సమానంగా వినిపించేవి. పది మైళ్ళ దూరంలో గోపాల్‌పూర్ రేవు. పొలాలు పండని ఏళ్ళలో గంజాం పల్లెల నుండి కూలీలు బతుకుతెరువు కోసం ఆ రేవులో ఓడలెక్కి రంగూన్‌కు తరలిపోయేవారు. తీరం దాటి పోయే శ్రమజీవుల కథ ఈ సీమలో ప్రతి ఊరికీ తెలిసిన కథే. అటువంటి నేల మీద పుట్టిన బిడ్డ తరువాతి కాలంలో కార్మికుల పక్షాన నిలిచాడంటే, అది ఈ ప్రాంతానికి తగిన గౌరవమే.

గిరి గారి చదువు బరంపురంలోని ఖల్లికోట కళాశాలలో సాగింది. ఈ ప్రాంతంలో తరతరాల తెలుగు, ఒరియా విద్యార్థులను తీర్చిదిద్దిన సంస్థ అది. అక్కడ చదువు ముగించుకొని, న్యాయశాస్త్రం అభ్యసించాలన్న సంకల్పంతో 1913లో ఆయన ఐర్లండుకు పయనమయ్యారు.

డబ్లిన్ నగరంలో విద్యాభ్యాసం

ఆనాడు సంపన్నుల బిడ్డలు బారిష్టరు చదువు కోసం ఎక్కువగా లండన్ వెళ్ళేవారు. గిరి గారు డబ్లిన్‌ను ఎంచుకొన్నారు. అక్కడి కింగ్స్ ఇన్స్‌లో న్యాయశాస్త్రం చదువుతూ, యూనివర్సిటీ కాలేజీలోనూ చేరారు. ఆ కాలేజీకి కథోలిక విద్యాచరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. 1854లో ప్రారంభమైన కథోలిక విశ్వవిద్యాలయం నుండి పుట్టిన సంస్థ అది. ఆ విశ్వవిద్యాలయానికి మొదటి అధిపతి జాన్ హెన్రీ న్యూమన్. తరువాతి కాలంలో ఆయన కార్డినల్ అయ్యారు, 2019లో కథోలిక శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది. 1883 నుండి పాతికేళ్ళకు పైగా జెస్యూట్ గురువులు ఆ కాలేజీని నడిపారు. 1908లో అది ఐర్లండు జాతీయ విశ్వవిద్యాలయంలో భాగమైంది. విద్య అంటే వృత్తికి కావలసిన సామగ్రి మాత్రమే కాదని, మనస్సును విశాలం చేసే సాధన అని న్యూమన్ నమ్మారు. బరంపురం నుండి వెళ్ళిన తెలుగు యువకుడు ఆ సంప్రదాయపు నీడలో కూర్చుని పాఠాలు విన్నాడు.

గిరి గారు డబ్లిన్ చేరిన సంవత్సరం ఆ నగర చరిత్రలో మరపురానిది. యూనియన్‌లో చేరిన కార్మికులను పనిలోకి రానివ్వబోమని 1913 ఆగస్టులో యజమానులు తలుపులు మూసివేశారు. ఇరవై వేల మందికి సమీపంగా కార్మికులు నెలల తరబడి ఆకలితో పోరాడారు. 1914 ప్రారంభంలో ఆ పోరాటం ముగిసింది. దానికి నాయకత్వం వహించినవారిలో జేమ్స్ కొన్నలీ ఒకరు. సంఘటితం కాని కార్మికునికి ఎటువంటి గతి పడుతుందో, సంఘం ఉంటే ఎంత దూరం నిలబడగలడో గిరి గారికి ఆ నగర వీధులే నేర్పాయి.

కాలేజీలో ఆంగ్ల సాహిత్యం బోధించిన అధ్యాపకులలో థామస్ మెక్‌డొనా ఒకరు. ఆయన కవి, ఐరిష్ స్వాతంత్ర్య యోధుడు. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగినప్పుడు స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన ఏడుగురిలో ఆయన ఉన్నారు. మే 3వ తేదీన బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను కాల్చి చంపింది. మే 12వ తేదీన కొన్నలీకీ అదే శిక్ష పడింది. తరగతి గదిలో పాఠం చెప్పిన గురువు దేశం కోసం ప్రాణం విడవడం చూసిన విద్యార్థికి వేరే బోధ అవసరం లేకపోయింది.

అంతకుముందే గిరి గారు తోటి భారతీయ విద్యార్థులతో కలసి, దక్షిణాఫ్రికాలో భారతీయులు అనుభవిస్తున్న ఘోరాలను ఎండగడుతూ కరపత్రం వెలువరించారు. దానితో పోలీసుల దృష్టి వారిపై పడింది. తిరుగుబాటు తరువాత అనుమానాలు మరింత బిగిశాయి. 1916 జూన్ 21న గిరి గారు ఐరిష్ బారిష్టరుగా నమోదయ్యారు. కాని ఆ జూన్ ఒకటవ తేదీననే, జూలై ఒకటి నాటికి దేశం విడిచి వెళ్ళవలసిందని ఆయనకు ఉత్తర్వు అందింది. యూనివర్సిటీ కాలేజీలో బి.ఏ. పట్టా పూర్తి కాలేదు. తల్లిదండ్రులు ఆశించిన బారిష్టరు పట్టా చేతికి వచ్చింది. వారు ఊహించని మరొక పట్టా హృదయంలో ముద్రపడింది.

న్యాయవాద వృత్తి పరిత్యాగం

స్వదేశం చేరిన గిరి గారు బరంపురంలో న్యాయవాద వృత్తి ఆరంభించారు. అదే సంవత్సరం లక్నో కాంగ్రెసు మహాసభకు హాజరయ్యారు. అనీబిసెంట్ హోమ్‌రూల్ ఉద్యమంలో పాల్గొన్నారు. తండ్రి పేరు ప్రతిష్ఠలు, విదేశీ బారిష్టరు హోదా రెండూ ఉన్న యువకునికి సంపాదనకు కొదవ ఉండదు. అయినా 1920లో మహాత్మా గాంధీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చినప్పుడు గిరి గారు వృత్తిని వదలివేశారు. 1922లో మద్యం దుకాణాలకు వ్యతిరేకంగా ప్రదర్శన జరిపినందుకు మొదటిసారి అరెస్టయ్యారు. సుభద్రమ్మ గారు నమ్మిన మార్గంలోనే కుమారుడూ నడిచారు. పెద్ద సంసారాన్ని ఓర్పుతో నడిపిన సహధర్మచారిణి శ్రీమతి సరస్వతీబాయి గారి త్యాగం కూడా ఈ సందర్భంలో తలచుకోదగినది. పధ్నాలుగురు బిడ్డల తల్లి ఆమె.

రైలు కార్మికుల నాయకుడు

బరంపురం మీదుగా సాగే రైలుమార్గం ఆనాడు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ కంపెనీ ప్రధాన వర్క్‌షాపు ఉన్న ఖరగ్‌పూర్‌కు వేలాది తెలుగువారు పని కోసం తరలివెళ్ళి స్థిరపడ్డారు. తమ ఊరి మీదుగా పోయే రైలును నడిపే మనుషులే గిరి గారి కార్యక్షేత్రమయ్యారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య ఏర్పడినప్పుడు వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. దశాబ్దానికి పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా వ్యవహరించారు. 1927, 1928 సంవత్సరాలలో కంపెనీ కార్మికులను పెద్ద సంఖ్యలో తొలగించినప్పుడు, అహింసాయుతంగా సమ్మె నడిపి కంపెనీని, ప్రభుత్వాన్ని చర్చలకు దింపారు.

1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొంది. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలోనూ కార్మికుల పక్షాన కూర్చున్నారు. 1929లో రాయల్ కమిషన్‌ను బహిష్కరించాలా, దాని ముందు కార్మికుల గోడు వినిపించాలా అన్న ప్రశ్నపై ఉద్యమం చీలినప్పుడు ఆయన ఎన్.ఎం.జోషి ప్రభృతులతో కలసి వేరు సమాఖ్యను నెలకొల్పారు. చర్చకు అవకాశం ఉన్నచోట దానిని చేజార్చుకోరాదన్నది ఆయన విశ్వాసం. ఈ విశ్వాసమే తరువాతి కాలంలో ఆయనకు కీర్తిని, కష్టాన్ని కూడా తెచ్చింది.

విభజన తరువాత

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం అవతరించింది. గంజాం జిల్లాలో బరంపురం, గోపాల్‌పూర్ ప్రాంతాలు కొత్త రాష్ట్రంలో చేరగా, దక్షిణ భాగం మద్రాసు ప్రెసిడెన్సీలో మిగిలింది. సరిహద్దుకు ఇవతల ఉండిపోయిన తెలుగు కుటుంబాలకు అది సామాన్యమైన మార్పు కాదు. భాష ఒకటి, పాలన మరొకటి. పిల్లల చదువు ఏ భాషలో సాగాలన్న ప్రశ్న ప్రతి ఇంటిలోనూ తలెత్తింది. తెలుగు మాధ్యమ పాఠశాలలు ఈ గడ్డపై నిలిచి ఉండడానికి వెనుక ఎందరో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల పట్టుదల ఉంది.

గిరి గారి రాజకీయ జీవితం సరిహద్దుకు అవతల సాగింది. పుట్టిన ఊరు మాత్రం ఇవతలే ఉండిపోయింది. 1937 ఎన్నికలలో ఆయన బొబ్బిలిలో సాక్షాత్తు బొబ్బిలి రాజా వారితో పోటీపడ్డారు. రాజా వారు ఆనాటి మద్రాసు ప్రభుత్వాధినేత, జస్టిస్ పార్టీ నాయకులు, ఆ గడ్డకు సంస్థానాధీశులు. కార్మిక నాయకుడు రాజును ఓడించిన ఆ ఫలితం రాష్ట్రమంతటా సంచలనం కలిగించింది. రాజాజీ మంత్రివర్గంలో గిరి గారు కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. ప్రజలను సంప్రదించకుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా 1939లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేయగా, ఆయనా పదవి వదలి, కార్మికోద్యమానికి మరలి, కారాగారానికి వెళ్ళారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో మరల అరెస్టయి వెల్లూరు, అమరావతి జైళ్ళలో మూడేళ్ళు గడిపారు. ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు రెండవసారి అధ్యక్షునిగా ఎన్నుకొన్ననాటికి ఆయన జైలులోనే ఉన్నారు.

మంత్రి పదవికి రాజీనామా

1946లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో కార్మిక శాఖ నిర్వహించిన పిమ్మట, 1947 నుండి 1951 వరకు గిరి గారు సింహళంలో భారత హైకమిషనరుగా పనిచేశారు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు.

యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకొని వివాదాన్ని తేల్చుకోవాలని, ప్రతి తగవునూ ప్రభుత్వం నిర్బంధంగా న్యాయస్థానాలకు పంపడం ఉభయులకూ చేటని ఆయన వాదించారు. దీనికి గిరి విధానమని పేరు వచ్చింది. ప్రభుత్వంలోని ఇతర శాఖలు దీనిని ఆమోదించలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించి సవరించింది. కార్మికులకు న్యాయస్థానం ఇచ్చినదానిని తానున్న ప్రభుత్వమే తీసివేయడం కార్మిక మంత్రిగా ఆయన సహించలేకపోయారు. ఆ ఆగస్టులోనే పదవికి రాజీనామా చేశారు. కోపతాపాలతో కాక, సభ్యతతో వెళ్ళిపోయారు. ఆనాటి నుండి బ్యాంకు ఉద్యోగుల సంఘాలలో గిరి పేరు ఆదరంతో వినిపించింది.

1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో ఆయన ఓడిపోయారు. రెండు స్థానాలూ గిరిజన అభ్యర్థులకే దక్కాయి. రిజర్వు కాని స్థానానికి గిరిజన అభ్యర్థి ఎన్నిక చెల్లదని ఆయన సుప్రీంకోర్టు వరకు వెళ్ళారు. 1959లో కోర్టు ఆ వాదాన్ని తిరస్కరించింది. షెడ్యూల్డు తెగల అభ్యర్థి సామాన్య స్థానానికీ అర్హుడేనని స్థిరపరచిన ఆ తీర్పు గిరి గారి ఓటమి నుండి పుట్టిందనడం సత్యం. గొప్పవారి జీవితాలలోనూ ఓటములు ఉంటాయి, అన్ని వాదాలూ నెగ్గవు. ఆయన ఆ ఓటమితో కుంగిపోలేదు. ఆ కాలంలోనే ఉత్తరప్రదేశ్ గవర్నరుగా నియమితులయ్యారు. అటుపిమ్మట 1960 నుండి కేరళ, 1965 నుండి మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా వ్యవహరించారు.

ఇద్దరు తెలుగువారి పోటీ

1967 మే 13న గిరి గారు ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ ఆకస్మికంగా కన్నుమూయగా తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యత ఆయనపై పడింది. కాంగ్రెసు పార్టీ నీలం సంజీవరెడ్డి గారిని అభ్యర్థిగా నిలిపింది. గిరి గారు స్వతంత్రంగా పోటీ చేయదలచి, జూలై 20న చేతిలోని రెండు పదవులనూ విడిచిపెట్టారు. అంతకు ముందురోజు పధ్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై సంతకం చేశారు. బ్యాంకు ఉద్యోగుల కోసం 1954లో మంత్రి పదవి వదలినవారి చేతిమీదుగా ఆ పని జరగడం యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగినది.

ఆగస్టు 16న జరిగిన ఆ ఎన్నిక దేశ రాజకీయాలను కుదిపివేసింది. ప్రధాని ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయవలసిందిగా కోరారు. మొదటి లెక్కింపులో ఎవరికీ కావలసిన ఆధిక్యం రాలేదు. రాష్ట్రపతి ఎన్నికలలో తొలిసారిగా రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించవలసివచ్చింది. తుదకు గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 ఓట్ల విలువ లభించింది. స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి రాష్ట్రపతి అయిన వ్యక్తి గిరి గారు ఒక్కరే. 1969 ఆగస్టు 24న ప్రమాణ స్వీకారం చేశారు. ఓడిన సంజీవరెడ్డి గారు 1977లో అదే పీఠాన్ని ఏకగ్రీవంగా అధిరోహించారు. ఆనాడు పోటీపడిన తెలుగువారిద్దరూ చివరకు రాష్ట్రపతులయ్యారు.

ఎన్నికపై సుప్రీంకోర్టులో పిటిషన్ దాఖలైనప్పుడు, పదవిలో ఉన్న రాష్ట్రపతి కోర్టుకు రావలసిన పని లేకపోయినా గిరి గారు స్వయంగా హాజరై సాక్ష్యం చెప్పారు. 1970లో కోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది. దేశాధినేత కూడా న్యాయపీఠం ముందు ఒక పౌరుడేనని ఆచరణలో చూపిన ఘట్టం అది.

రాష్ట్రపతిగా ఆయన ప్రభుత్వం పంపిన ప్రతి కాగితంపై సంతకం చేశారన్న విమర్శ ఉన్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. 1974 మేలో దేశవ్యాప్తంగా రైలు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మెకు ముందు నిలిచినది, యాభై ఏళ్ళ క్రితం గిరి గారు పాలుపంచుకొని స్థాపించిన సమాఖ్యయే. వేలాది కార్మికులు జైళ్ళ పాలయ్యారు. ఇరవై రోజులలో సమ్మె ముగిసింది. అణచివేతతో పరిస్థితి విషమిస్తుందని రాష్ట్రపతి చేసిన హెచ్చరిక ఫలించలేదు. మంత్రిగా ఉన్నప్పుడు రాజీనామా చేసి బయటకు రాగలిగినవారికి, రాష్ట్రపతి భవనంలో ఆ స్వేచ్ఛ అంత సులభంగా దొరకలేదు. ఆ నెలలు ఆయన జీవితంలో కఠినమైనవి.

చరమదశ

1974 ఆగస్టులో పదవీకాలం ముగిసింది. 1975లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న బిరుదుతో సత్కరించింది. శేషజీవితం మద్రాసులో గడిపి, 1980 జూన్ 24వ తేదీన ఎనభై అయిదేళ్ళ వయస్సులో పరమపదించారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. బరంపురంలో గిరి రోడ్డు, గిరి మార్కెట్ ఈనాటికీ ఆ పేరును ప్రతిరోజూ పలికిస్తున్నాయి. కూరగాయల సంచితో ఆ దారిన నడిచేవారిలో ఎందరికి ఆ పేరు వెనుకనున్న కథ తెలుసునన్నది వేరు ప్రశ్న.

తెలుగు పిల్లలు ఒడిశా గడ్డపై చదువుకోవడం వెనుకబాటుతనం కాదని, రెండు భాషల మధ్య పెరిగినవాడు అందరి మాటా వినగలడని గిరి గారి జీవితం నిరూపించింది. కథోలిక సంప్రదాయపు కాలేజీలో చదివిన హిందూ బాలుడు, ఐరిష్ గురువు వద్ద దేశభక్తి నేర్చిన బరంపురం బిడ్డ, రాజును ఓడించిన కార్మిక నాయకుడు, ఇవన్నీ ఒకే మనిషిలో ఉన్నాయి. పూర్తి కాని ఆ డబ్లిన్ పట్టా ఆయనకు ఎన్నడూ లోటు కాలేదు. తరగతి గదిలో కూర్చున్న బాలబాలికలకు ఉపాధ్యాయుడు చెప్పే పాఠం కంటే, ఆ పాఠం ప్రకారం ఉపాధ్యాయుడు జీవించే తీరు ఎక్కువ కాలం గుర్తుంటుందని మెక్‌డొనా శిష్యుడైన గిరి గారి చరిత్ర చెబుతున్నది. డెబ్బది అయిదేళ్ళుగా దీపం ఆరకుండా కాపాడుకొంటూ వచ్చిన విద్యాలయానికి, అందులోని గురువులకు, వారి వద్దకు బిడ్డలను పంపుతున్న తల్లిదండ్రులకు ఈ స్మరణ కానుక కాగలదు.